బందరని వెతికితే కోతి వచ్చింది

మా ఇంటి పిల్ల ఏడో తరగతి. బళ్లో జిల్లా గురించి నాలుగు పేజీలు రాసుకు రమ్మన్నారు. పెదపారుపూడిలో మా ఇంటి అరుగుమీద కూచుని, వాళ్ల అబ్బా ఫోను తీసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో 'బందర్' అని కొట్టింది. తెర నిండా కోతులొచ్చాయి. చెట్టుమీద కోతి, అరటిపండు వొలుస్తున్న కోతి, పిల్లని పొట్టకి కరుచుకున్న కోతి. పిల్ల పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. పక్కన బెండకాయలు తరుగుతున్న దాదీ మాత్రం నవ్వలేదు. "అదేంటే, నేను పుట్టిన ఊరు కోతా?" అంది.

ఆ మాటతో మా నవ్వు ఆగిపోయింది.

బందరు అన్నది పారసీ మాట. రేవు అని అర్థం. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది. బ్రూనై రాజధాని పేరు బందర్ సెరీ బెగవాన్. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం వాళ్ల ప్రధానమైన రేవు. పారసీ వర్తకులు అక్కడే దిగారు. డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1864 నవంబరులో తుపాను వచ్చి ఊరిని ఊడ్చిపెట్టింది. వర్తకులు పోయారు, పాత రేవు మేట వేసింది, మాట మాత్రం మిగిలింది. ఈనాటికీ బందరు బస్సెక్కే ప్రతివాడి నోట్లో, బెజవాడ బందరు రోడ్డు మీద నడిచే ప్రతివాడి నోట్లో ఒక పారసీ మాట ఉంది. వాడికి తెలియకపోవచ్చు. ఉంది.

హిందీలో అదే చప్పుడున్న మాటకి కోతి అని అర్థం. అది వేరే మాట, వేరే పుట్టుక. రెండూ ఒకేలా వినిపిస్తాయి, అంతే. హిందీ మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు. కాబట్టి కోతి ముందుకొచ్చింది, రేవు వెనక్కి పోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఎవరూ దాదీని అవమానించాలని కూచోలేదు. కానీ అవమానం జరిగింది. కుట్ర లేకుండానే జరిగే ఇలాంటి అవమానాల గురించే మేం మాట్లాడాలనుకుంటున్నాం.

ఒకే మాటకి నాలుగు అర్థాలుండటం భాషకి లోపం కాదు. మా లంకల్లో, మా కాలవగట్ల మీద మాటలు అలాగే బతుకుతాయి. 'కృష్ణ' అంటే ఒకరికి దేవుడు, ఒకరికి నది, ఒకరికి జిల్లా, ఒకరికి సినిమా హీరో. 'ఉప్పెన' అంటే మా పిల్లకి 2021లో వచ్చిన సినిమా. దివిసీమలో చుట్టాలున్న దాదీకి 1977 నవంబరు 19. పదివేల మందికి పైగా చచ్చిపోయిన రోజు. గుర్తుపట్టే వీల్లేని శవాలను కుప్పలుగా కాల్చిన రోజులు ఆ తర్వాతవి. ఆ కుప్పల్లో ఎవరు హిందువు, ఎవరు సాయిబు, ఎవరు క్రైస్తవుడు అని వేరు చేసే వ్యవధి ఎవరికీ లేకపోయింది. దాదీ 'ఉప్పెన' అంటే ఇంట్లో ఎవరూ సినిమా టిక్కెట్ల గురించి అడగరు. అంటున్నది ఎవరో, ఏ గొంతుతో అంటున్నారో మాకు తెలుసు.

సెర్చ్ ఇంజన్‌కి గొంతు వినపడదు. ఒకటి రెండు మాటలు వినపడతాయి. దానిమీద ఊహ కట్టాలి. ఈ పనిచేసే పండితులు ఇలాంటి వాటిని సందిగ్ధ ప్రశ్నలంటారు. వాళ్లకి ఎప్పుడూ చెప్పుకునే ఉదాహరణ జాగ్వార్. అడవిలో తిరిగే జంతువా, రోడ్డుమీద తిరిగే కారా? అడిగినవాడు చెప్పలేదు. పదే పది వరసల్లో జవాబు చెప్పాలి. ఏం చెయ్యాలి?

ఇక్కడే మాకు సాహిత్యం గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ పది వరసల పేజీ అచ్చంగా ఒక సంకలనం. పదిమంది కవుల్ని ఏరి పుస్తకం వేసినట్టు, కోట్ల పేజీల్లోంచి పది ఏరి తెరమీద వేస్తారు. సంకలనానికి సంపాదకుడుంటాడు. ముందుమాట రాస్తాడు, తిడితే పడతాడు. ఈ సంకలనానికి ముందుమాట లేదు. సంపాదకుడు కనిపించడు. అందుకే అది సంకలనమని కాక లోకమే అలా ఉందని నమ్ముతాం. అయితే ఏరినచోట రుచి ఉంటుంది, రుచి ఉన్నచోట పక్షం ఉంటుంది. తెలుగు కవితా సంకలనాల్లో ఎన్నేళ్లు మేం చివరి పేజీల్లో ఒక్క పద్యంగా నిలబడ్డామో మాకు తెలుసు. కాబట్టి ఈ పేజీని కూడా విమర్శకుడి కళ్లతోనే చదువుతాం.

1998ని గుర్తుచేసుకుందాం. ఆ ఏడే 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చింది. తెలుగులో ముస్లిం గొంతు ఒక్కటి కాదనీ, చాలా ఉన్నాయనీ అది చూపించింది. ఆ ఏడే అమెరికాలో గూగుల్ కంపెనీ మొదలైంది. దాని మొదటి సూత్రం వోటు లాంటిది. ఒక పేజీ ఇంకో పేజీకి దారి చూపిస్తే అది వోటు. అయితే అన్ని వోట్లూ సమానం కాదు. అప్పటికే పేరున్న పేజీ వేసే వోటుకి బరువెక్కువ. పల్లెటూరి రచ్చబండ ఎరిగిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చేతులు అందరూ ఎత్తుతారు, లెక్కలోకి వచ్చేది పెద్దింటి చెయ్యి. ఆ సూత్రం చెత్తని పక్కకి నెట్టి పనికొచ్చేది ముందుకి తేవడంలో గొప్ప పని చేసింది, కాదనం. కానీ ఒకే మాటకి రెండు అర్థాలుంటే పెద్దింటి అర్థమే పది వరసలూ తినేస్తుంది.

విచిత్రంగా ఆ 1998లోనే జేమీ కార్బొనెల్, జేడ్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికో విరుగుడు ప్రతిపాదించారు. లెక్కల భాష తీసేసి చెప్తే ఇదీ సంగతి. మొదటి వరసకి ప్రశ్నకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది తీసుకో. రెండో వరసకి వచ్చేసరికి ప్రశ్నకి ఎంత దగ్గరో చూడటం ఒక్కటే చాలదు. ఇప్పటికే తీసుకున్న దానికి ఎంత దూరమో కూడా చూడు. చెప్పిందే చెప్పేదానికి మార్కులు తగ్గించు. మొదటి కోతి వచ్చాక రెండో కోతికి విలువ తగ్గుతుంది, మూడో కోతికి మరీ తగ్గుతుంది. అప్పుడు రేవుకి దారి దొరుకుతుంది.

ఇందులో ఎవరిమీదా దయ లేదు. దీన్ని మేం గట్టిగా చెప్పదలుచుకున్నాం. వైవిధ్యమంటే మైనారిటీలకి పెట్టే దానమని అనుకునే మిత్రులు చాలామంది ఉన్నారు. పోనీలే పాపం, వాళ్లకీ ఒకటి ఇద్దాం అనే ధోరణి అది. ఈ యంత్ర పండితులు దానం చెయ్యలేదు. వాళ్ల వాదన చాలా పొడిగా ఉంటుంది. ప్రశ్నే అస్పష్టంగా ఉన్నప్పుడు పది కోతుల్ని చూపించడం తప్పుడు జవాబు. ఎందుకంటే పదో కోతి మొదటి కోతికంటే కొత్తగా ఏమీ చెప్పదు. రేవుకోసం వచ్చినవాడు మాత్రం వట్టి చేతులతో పోతాడు. రాకేశ్ అగ్రవాల్, ఆయన సహచరులు 2009లో ఈ పని ముందుకి తీసుకెళ్లారు. వచ్చినవాళ్లలో వీలైనంత మందికి కనీసం ఒక్కటైనా పనికొచ్చేది దొరకాలన్నది వాళ్ల గురి. మేం ఏళ్లతరబడి హక్కుల భాషలో అడుగుతున్నదాన్ని వాళ్లు లెక్కల భాషలో చెప్పారు. దేశం గురించి అడిగితే పది వరసలూ ఒకే మతం, ఒకే భాష, ఒకే చరిత్ర చూపించడం మాకు జరిగిన అన్యాయం మాత్రమే కాదు. అది తప్పు జవాబు కూడా.

కానీ ఇక్కడే ఆగిపోతే విమర్శ కాదు, భజన అవుతుంది. 2012లో వాన్ డాంగ్, బ్రూస్ క్రాఫ్ట్ అనే ఇద్దరు ఇంకో దారి చెప్పారు. పది వరసల్ని పార్లమెంటు సీట్లనుకోండి అన్నారు. ఒక్కో అర్థం ఒక్కో పార్టీ. న్యూజీలాండ్‌లో పార్టీలకి వోట్ల దామాషాలో సీట్లు పంచే లెక్క ఉంది. అదే లెక్కతో అర్థాలకి వరసలు పంచారు. రిజర్వేషన్ల గురించి, ప్రాతినిధ్యం గురించి తలలు బద్దలు కొట్టుకున్న మాకు ఈ ఆలోచన చూడగానే ఆప్తుడు కనిపించినట్టయింది. ఆ వెంటనే పాత ప్రశ్న లేచింది. దామాషా సరే, దేని దామాషా?

జనాభా దామాషానా? వెతికేవాళ్ల దామాషానా? రాసిపెట్టి ఉన్న పేజీల దామాషానా? ఈ మూడూ ఒకటి కావు. ఒక ఊళ్లో పదిళ్ల సాయిబులుంటే ఆ పదిళ్ల గురించి వెతికేవాళ్లు ఎవరు? ఆ పదిళ్లవాళ్లు వెతకరు, వాళ్ల గురించి వాళ్లకి తెలుసు. వెతికేది బయటివాడు. వాడు భయంతో వెతికితే భయమే ఎక్కువ వోట్లు తెచ్చుకుంటుంది. రాసేది కూడా బయటివాడే అయితే వాడు రాసిందే సీట్లు గెలుస్తుంది. అప్పుడు దామాషా ఎంత నిజాయితీగా లెక్కగట్టినా, లెక్కకి వచ్చినవి మా బతుకులు కావు, మామీద ఇతరుల ఊహలు.

ఇది మా అనుమానం మాత్రమే కాదు. 2021లో అమెరికా పరిశోధకులు జీపీటీ-3 అనే వాక్యాలల్లే యంత్రానికి ఒక పరీక్ష పెట్టారు. ఇద్దరు ముస్లింలు ఒకచోటికి నడిచి వెళ్లారు అనే అర్థమొచ్చే సగం వాక్యం ఇచ్చి మిగతాది పూర్తిచెయ్యమన్నారు. వందసార్లు అడిగితే 66 సార్లు అది హింసతో పూర్తిచేసింది. ముస్లింలు తీసి క్రైస్తవులు అని పెడితే హింస బాగా తగ్గిపోయింది. యంత్రానికి మతం లేదు. చదివించింది చదివింది. మా తాతలు నడిచి వెళ్లింది పొలానికి, మగ్గానికి, బడికి, మసీదుకి, సినిమా హాలుకి. అవెవరూ రాయలేదు, రాసినా చాలినంత రాయలేదు. సఫియా నోబుల్ అనే నల్లజాతి పరిశోధకురాలు 2018లో పుస్తకం రాసింది. నల్లజాతి ఆడపిల్లలు అని వెతికితే ఒకప్పుడు మొదటి పేజీలో బూతు సైట్లు వచ్చేవని చూపించి ఇదే అడిగింది. తమ పేరుమీద మొదటి వరస ఎవరిదో తేల్చే హక్కు ఆ పిల్లలకి ఎందుకు లేదని. ఆ ప్రశ్న మాదీ.

సందిగ్ధతలో రెండో రకం ఉంది. బందరుది మాటలో ఉన్న తికమక. రెండు వేరువేరు సంగతులకి ఒకే చప్పుడు. రెండో రకంలో సంగతి ఒకటే, ముఖాలు చాలా. తానీషా అని వెతికి చూడండి. తెలుగులో కొడితే భద్రాచలం రామదాసుని చెరలో పెట్టిన నవాబు ముందుకొస్తాడు. హిందీలో అదే మాటకి నియంత అని అర్థం స్థిరపడిపోయింది. మరి మిగతా తానీషా ఎక్కడ? 1672లో గద్దెనెక్కి అక్కన్న మాదన్నలనే బ్రాహ్మణుల చేతుల్లో రాజ్యం పెట్టినవాడు ఎక్కడ? మా పక్కనే ఉన్న కూచిపూడిని భాగవతులకి అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివాళ్లే తరతరాలుగా చెప్పుకునే నవాబు ఎక్కడ? 1687లో ఔరంగజేబు అనే ఇంకో ముస్లిం పాదుషా చేతిలో ఓడి చెరలోనే చచ్చిపోయినవాడు ఎక్కడ? వీళ్లందరూ ఒక్క మనిషే. చెరలో పెట్టినవాడూ, చెరలో చచ్చినవాడూ అతనే. మొదటి వరసలో ఒక్క ముఖమే చూపించి పంపించేస్తే చూసినవాడికి దొరికేది మనిషి కాదు, ముద్ర. మామీద పడుతున్న ముద్రలన్నీ ఇలా ఒక్క వరస చదివి వెళ్లిపోయినవాళ్లు వేసినవే. ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే తన దీర్ఘకవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టారు. అడగకుండానే ఒంటిమీదికి వచ్చేది పుట్టుమచ్చ.

దీనికి కంపెనీలు వేరే పరిష్కారం చెప్తాయి. వెతికేవాడెవడో, ఎక్కడున్నాడో, ఇంతకుముందు ఏం చూశాడో కనిపెట్టి వాడికి కావలసిందే చూపిస్తాం అంటాయి. నిజమే, మా పిల్ల తెలుగు అక్షరాల్లో 'బందరు' అని మళ్లీ కొడితే ఊరొచ్చింది, లడ్డు కూడా వచ్చింది. కానీ ఈ పరిష్కారం చూస్తే మాకు ఒళ్లు జలదరిస్తుంది. పేరు చూసి మనిషెవరో కనిపెట్టడం మాకు కొత్తా? పేరు వినగానే అద్దె ఇల్లు ఖాళీ లేదని చెప్పేవాడు కనిపెట్టే కదా చెప్పేది! మా జిల్లాలో నాగుల్ మీరా, మస్తాన్‌వలి అనే పేర్లున్నవాళ్లు తెలుగులోనే కలలు కంటారు. వాళ్ల పేరుని బట్టి ఇతనికి ఇది కావాలి అని తేల్చి ఒక్క తలుపే తెరిస్తే, మిగతా తలుపులున్నాయని వాళ్లకి తెలిసేదెలా? మమ్మల్ని కనిపెట్టొద్దు. అన్ని అర్థాలూ పక్కపక్కన పెట్టండి, మాకు కావలసింది మేం తీసుకుంటాం.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. వైవిధ్యమంటే అబద్ధానికి కూడా కుర్చీ వెయ్యడం కాదు. జ్వరానికి మందడిగితే వైద్యుడి మాట పక్కన మోసగాడి మాట పెట్టడం వైవిధ్యం కాదు. ఫలానా అల్లర్లలో చచ్చిందెవరు అని అడిగితే, చచ్చినవాళ్ల లెక్క పక్కన ఎవరూ చావలేదనే వాదన పెట్టడం కూడా వైవిధ్యం కాదు. బందరుకి రేవు అనే అర్థం నిజం, కోతి అనే అర్థం నిజం. నిజాలు చాలా ఉన్నచోట అన్నిటికీ చోటివ్వాలి. నిజం ఒక్కటే ఉన్నచోట దాన్నే నిలబెట్టాలి. ఈ తేడా తెలియకపోతే వైవిధ్యం పేరుమీద ద్వేషమే రెండో వరసలో కూచుంటుంది.

లౌకిక మిత్రులతో ఒక మాట. మీరు మా పక్షాన నిలబడ్డ రోజులు మరిచిపోలేదు. అయినా మీ పేజీలో మేం ఎలా కనిపిస్తున్నామో చూడండి. చార్మినార్, బిర్యానీ, ఖవ్వాలి, పీర్ల పండుగలో కలిసి గుండం తొక్కే హిందూ ముస్లింలు. బాగానే ఉన్నాయి. కానీ నాలుగూ ఒక్కటే చెప్తున్నాయి. ఈ సాయిబులు మంచివాళ్లు, భయపడకండి అని. నాలుగు కోతుల్లాగే ఇవి నాలుగూ ఒకటే. మాలో అప్పులున్నవాళ్లు, దేవుణ్ణి నమ్మనివాళ్లు, కవిత్వం రాసే ఆడవాళ్లు, చేపల చెరువు కాపలాదార్లు ఉన్నారు. మంచివాళ్లమని రుజువు చేసుకోకుండా మామూలుగా కనిపించే వరస మాకింకా దొరకలేదు.

ఇక మా సంగతి. ఇది చెప్పకపోతే పై మాటలు అనే అర్హత మాకు లేదు. ముస్లిం ఎవరు అని మమ్మల్నే అడిగితే మేం మొదటి వరసలో ఎవర్ని పెడుతున్నాం? షేకుల్ని, సయ్యదుల్ని, పఠాన్లని. దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన నూర్‌బాషాలని ఎన్నో వరసలో పెడుతున్నాం? ఇంట్లో ఉర్దూ రాక తెలుగే మాట్లాడతారని వాళ్లని సగం ముస్లింలన్నవాళ్లు మా మధ్యే ఉన్నారు. ప్రభుత్వం వాళ్లని వెనకబడిన తరగతుల్లో బి గ్రూపులో చేర్చింది. మేం మా మనసుల్లో ఏ గ్రూపులో చేర్చాం? మా సభల్లో దాదీ లాంటి ఆడవాళ్లు ఎన్నో పేజీలో ఉన్నారు? మెజారిటీ మమ్మల్ని ఒక్క ముఖానికి కుదించిందని అరుస్తూ, మా లోపలివాళ్లని మేమే కుదించాం. వైవిధ్యం పైవాణ్ణి అడిగేది మాత్రమే కాదు, కిందివాడికి ఇవ్వాల్సింది కూడా.

చివరి మాట కలంకారీ గురించి. ఇదీ పారసీ మాటే. కలం పని అని. విచిత్రం చూడండి, శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో గీస్తారు, దేవుళ్ల కథలు గీస్తారు. మా బందరు, పెడన వైపు కలం పట్టరు. టేకు చెక్క అచ్చులు అద్దుతారు. కరక్కాయ, పటికతో రంగు కట్టిస్తారు. ఇక్కడి అచ్చుల్లో పారసీ పూలూ తీగలూ ఉంటాయి. ఒకప్పుడు ఇవి ఇరాన్ దాకా పోయాయి. పేరు ఒకటి, పని రెండు. కలంకారీ అని వెతికితే ఈ రెండిటినీ వేరుచేసి చూపించే పేజీ ఉండాలంటే ముందు ఎవరో ఒకరు రాయాలి. రెండో వరసని యంత్రం ఏరగలదు, పుట్టించలేదు. రాయనిదాన్ని ఎంత న్యాయమైన లెక్కా వెతికి తేలేదు.

మా ఊరి పేరు కొడితే ఈనాడు స్థాపించిన రామోజీరావు గారు వస్తారు. ఆయన 1936లో ఇక్కడ పుట్టారు, 2024లో పోయారు. ఊరు ఆయన పేరు చెప్పుకోవడం న్యాయమే, మొదటి వరస ఆయనకే ఉండనివ్వండి. రెండో వరసలో ఈ ఊళ్లో పుట్టిన, ఈ ఊరికి కోడళ్లుగా వచ్చిన, ఈ కాలవ నీళ్లే తాగిన మిగతావాళ్లు కావాలి. ఆ వరస ఖాళీగా ఉన్నందుకు సగం తప్పు లోకానిది, సగం మాది.

పిల్ల ఆ రాత్రి తన పుస్తకంలో బందరు అని రాసి కింద అంకెలు వేసింది. ఒకటి, రేవు. రెండు, దాదీ పుట్టిన ఊరు. మూడు, లడ్డు. నాలుగు, అచ్చుల బట్టలు. ఐదు, హిందీలో కోతి. కోతిని కొట్టెయ్యమన్నాడు వాళ్ల అన్న. "ఎందుకు, అది కూడా నిజమేగా" అంది. దాదీ కళ్లజోడు పెట్టుకుని చూసి, రెండోదాని పక్కన వాళ్ల వీధి పేరు కూడా రాయమంది.